వేసవి తెర మీద కొత్త దర్శకులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షిక అంతా ఒకే విషయం మీద. వేసవిలో వారం వారం ఇప్పటి కొత్త దర్శకుల సినిమాలు వేద్దామనుకునే ఫిల్మ్ సొసైటీలు, కాలేజీ క్లబ్బులు పంపిన ప్రశ్నలివి. ఇలాంటి కార్యక్రమాలు సినిమాల ఎంపికలో కన్నా వాటిని వేసే పద్ధతిలోనే ఎక్కువ దెబ్బతింటాయి. అందుకే జవాబుల్లో బరువు అటే మొగ్గింది.

ప్రశ్న: మాకు ఎనిమిది వారాలున్నాయి, వారానికో సాయంత్రం. ఎనిమిదిమంది దర్శకులవి తలా ఒక సినిమా వేద్దామని కమిటీలో ఎక్కువమంది అంటున్నారు. మీరేమంటారు?

ఎనిమిదిమంది వద్దు. నలుగురు చాలు. ఒక్క సినిమా చూస్తే తెలిసేది ఆ సినిమా గురించే. రెండోది కూడా చూసినప్పుడే "ఈయన కెమెరాను ఎప్పుడూ గుమ్మం బయటే పెడతాడు", "ఈవిడ గొడవను చూపించదు, గొడవ అయిపోయాక గదిని చూపిస్తుంది" లాంటివి కంటపడతాయి. కార్యక్రమం పేరులో దర్శకులని పెట్టుకున్నాక వాళ్లకు ఆమాత్రం చోటివ్వాలి.

ఒక్కో దర్శకుడికి రెండు వారాలు కేటాయించండి. మొదటి వారం లఘుచిత్రం, దాని వెనకే తొలి సినిమా. రెండో వారం తాజా సినిమా. ఫిల్మ్ స్కూల్లో ఉన్నప్పుడు తీసిన లఘుచిత్రం దొరికితే వదలకండి. దర్శకుడి పంతాలన్నీ అందులో పచ్చిగా కనిపిస్తాయి. పాయల్ కపాడియానే తీసుకోండి. విద్యార్థిగా తీసిన లఘుచిత్రం 2017లో కాన్ ఉత్సవంలోని ఫిల్మ్ స్కూళ్ల విభాగానికి వెళ్లింది. 2021లో డాక్యుమెంటరీకి అక్కడే 'గోల్డెన్ ఐ' అనే డాక్యుమెంటరీ బహుమతి వచ్చింది. 2024లో కథాచిత్రానికి అక్కడి రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ వచ్చింది. ఈ మూడూ ఇదే వరసలో రెండు సాయంత్రాల్లో వేస్తే, దర్శకురాలి గురించి వేదికెక్కి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

వరస కుదర్చడంలో ఒక్క జాగ్రత్త. అన్నిటికన్నా కష్టమైన సినిమాతో మొదలుపెట్టకండి. అది మూడో వారంలోనో నాలుగో వారంలోనో రావాలి, అప్పటికి జనానికి మీ మీద కాస్త నమ్మకం కుదురుతుంది. దర్శకుడు స్వయంగా వచ్చేది ఉంటే చివరి రెండు వారాల్లో పెట్టండి.

ప్రశ్న: 'ఆశలు రేపుతున్న కొత్త దర్శకుడు' అనడానికి హద్దేమిటి? వయసా, తీసిన సినిమాల సంఖ్యా? ఇలాంటివాళ్లను ఎక్కడ వెతకాలి?

వయసుతో పనిలేదు. నలభై దాటాక తొలి సినిమా తీసేవాళ్లు బోలెడుమంది. మొదటి మూడు ఫీచర్ల (నిండు నిడివి సినిమాల) లోపు ఉన్నవాళ్లు అని గీత గీసుకోండి, వాదన అక్కడితో తెగిపోతుంది.

వెతకడానికి దారులు ఉన్నాయి. కాన్‌లో 'కెమెరా దోర్' బహుమతి 1978 నుంచి తొలి సినిమాకే ఇస్తున్నారు. అక్కడే జరిగే 'క్రిటిక్స్ వీక్' 1962లో మొదలైంది, అది మొదటి, రెండో సినిమాలకే. లొకార్నోలో 'ఫిల్మ్ మేకర్స్ ఆఫ్ ది ప్రెజెంట్' విభాగం, వెనిస్‌లో తొలి సినిమాకిచ్చే 'లయన్ ఆఫ్ ది ఫ్యూచర్', రాటర్‌డామ్‌లో టైగర్ పోటీ ఉన్నాయి. న్యూయార్క్‌లో మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్, లింకన్ సెంటర్ కలిసి 1972 నుంచి నడుపుతున్న 'న్యూ డైరెక్టర్స్, న్యూ ఫిల్మ్స్' మీరు తలపెట్టిన పనికి అచ్చమైన నమూనా. ఈ ఉత్సవాలన్నీ ఎంపికైన సినిమాల జాబితాలను బయటపెడతాయి. గత మూడేళ్ల జాబితాలు ముందేసుకుని, రెండు మూడు చోట్ల కనిపించిన పేర్లకు గుర్తు పెట్టుకోండి. ఓపిక ఉంటే పేరు మోగకముందే మనిషిని పట్టుకోవచ్చు. చైతన్య తమ్హానే తొలి సినిమాకు 2014లో వెనిస్‌లో హొరైజన్స్ విభాగపు ఉత్తమ చిత్రం, లయన్ ఆఫ్ ది ఫ్యూచర్ రెండూ వచ్చాయి. రెండో సినిమా 2020లో ప్రధాన పోటీకే వెళ్లి స్క్రీన్‌ప్లే బహుమతి తెచ్చుకుంది. పి.ఎస్. వినోద్‌రాజ్ తొలి సినిమాకు 2021లో టైగర్ వచ్చింది.

బహుమతి కొట్టిన సినిమా కోసమే పట్టుపట్టకండి. దాని అద్దె ఎక్కువ, ఇచ్చేవాళ్ల తొందర తక్కువ. అదే జాబితాలో పక్కనున్న సినిమా హక్కుదారుడు మీ ఉత్తరానికి వెంటనే బదులిస్తాడు.

ఇంకో మాట. ఉత్సవాల జాబితాల నుంచే ఏరితే, మాట్లాడని మనుషులు కిటికీలోంచి చూస్తూ నిలబడే సినిమాలే నాలుగు వచ్చి పడతాయి. నాలుగింటిలో ఒకటైనా హాస్యమో, భయమో, నేరకథో ఉండాలి. జూలియా డుకూర్నో తొలి సినిమా 2016లో క్రిటిక్స్ వీక్‌కు వచ్చిన భయానక చిత్రం. ఆమె రెండో సినిమాకు 2021లో కాన్ అత్యున్నత బహుమతి పామ్ దోర్ దక్కింది. జానర్ సినిమా తీసేవాళ్లలో ఆశ పెట్టుకోదగ్గవాళ్లు లేరనుకోవడం మన ఎంపిక కమిటీల జబ్బు.

ప్రశ్న: సినిమా బ్లూరే డిస్కు మా దగ్గరుంది, ఓటీటీ సభ్యత్వం కూడా ఉంది. టికెట్ పెట్టడం లేదు. ఇంకా ఎవరి అనుమతి కావాలి?

హక్కుదారుడి అనుమతి కావాలి. డిస్కు కొన్నా, సభ్యత్వం కట్టినా మీకు దక్కింది ఇంట్లో చూసుకునే హక్కే. నలుగురినీ పిలిచి చూపించడం బహిరంగ ప్రదర్శన. ఉచితంగా వేస్తే అద్దె తగ్గవచ్చు గానీ అనుమతి అవసరం పోదు.

ఎవరికి రాయాలన్నది సినిమా ఏ దశలో ఉందన్న దాన్నిబట్టి మారుతుంది. మీ దేశంలో పంపిణీదారు ఉంటే ఆయనకే రాయాలి. లేకపోతే దేశదేశాలకు హక్కులమ్మే అంతర్జాతీయ సేల్స్ ఏజెంట్‌కు. ఉత్సవ కేటలాగులో సినిమా వివరాల కింద ఆ పేరు వేస్తారు. ఇద్దరూ లేకపోతే నిర్మాతే దిక్కు. లఘుచిత్రాల హక్కులు తరచుగా దర్శకుడి దగ్గరే ఉంటాయి, కానీ విద్యార్థి చిత్రమైతే హక్కు ఫిల్మ్ స్కూలుదై ఉండొచ్చు. దర్శకుడు "సరే, వేసుకోండి" అన్నంత మాత్రాన స్కూలు ఒప్పుకున్నట్టు కాదు.

మొదటి ఉత్తరంలోనే అన్నీ చెప్పేయండి: తేదీ, ఎన్ని ఆటలు, ఎన్ని సీట్లు, టికెట్ ఉందా లేదా, హాల్లోనా ఆరుబయటా, ఏ భాష సబ్‌టైటిళ్లు, ఏ ఫార్మాట్‌లో కావాలి. ఇవి లేని ఉత్తరానికి జవాబుగా ఇవే ప్రశ్నలు తిరిగొస్తాయి, వారం పోతుంది. అద్దె రెండు రకాలు. ఒకటి ఆటకింత అని మొత్తంగా కట్టేది. రెండోది కనీస మొత్తం గానీ, టికెట్ వసూళ్లలో శాతం గానీ, ఏది ఎక్కువైతే అది. చిన్న హాలుకు మొదటిదే మేలు, లెక్కలు చూపించే తలనొప్పి ఉండదు. సినిమా వచ్చే హార్డ్‌డిస్కు రానుపోను ఖర్చు ఎవరిదో, ఆట అయ్యాక కాపీని చెరిపేయాలో తిప్పి పంపాలో కాగితం మీద ఉండాలి.

మొదటి ఆటకు నాలుగైదు నెలల ముందు ఉత్తరాలు మొదలవ్వాలి. ఇంకా ఉత్సవాలు తిరుగుతున్న సినిమాను మీరు అడిగితే కాదనొచ్చు. ముందు మీ దగ్గర వేస్తే, 'ఈ ప్రాంతంలో తొలి ప్రదర్శన' కావాలనే పెద్ద ఉత్సవం ఆ సినిమాను తీసుకోకపోవచ్చు. నొచ్చుకోకుండా అదే దర్శకుడి ముందు సినిమా అడగండి. అనుమతి చేతికి రాకుండా పోస్టర్ అచ్చు వేయించకండి. సంగీతం ప్రదర్శన రుసుము, సెన్సార్ పత్రం సంగతి దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి ఆ రెండూ మీ ఊరి హాలు మేనేజర్‌నే అడగండి.

ప్రశ్న: ఎంపిక కోసం పంపిన లింకులో సినిమా బాగానే ఉంది. హక్కులకు డబ్బు కూడా కట్టాం. ఆ లింకునే ప్లే చేస్తే తప్పేమిటి?

ఆ లింకు చూసి నిర్ణయించుకోవడానికే. బొమ్మ మీద మీ పేరో, ఈమెయిలో వాటర్‌మార్క్‌గా ఉంటుంది. బొమ్మను బాగా కుదించి పెడతారు. ల్యాప్‌టాప్‌లో తెలియని చారలు పదహారు అడుగుల తెర మీద చీకటి సన్నివేశాల్లో మెట్లు మెట్లుగా బయటపడతాయి. కొన్నిసార్లు రంగులు దిద్దకముందు కాపీయే లింకులో ఉంటుంది. నెట్ ఆగితే ఆట ఆగడం సరేసరి. డబ్బు కట్టారు కాబట్టి ప్రదర్శన ఫైలు అడిగి తీసుకోండి.

ప్రశ్న: హాలు అద్దెకు తీసుకున్నాం. డీసీపీ ఎక్కించారు, జాబితాలో సినిమా పేరు కనిపించింది. తీరా ఆట వేళకు ప్లే కాలేదు. "కేడీఎం పనిచేయడం లేదు" అన్నారు. ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది?

డీసీపీ అంటే థియేటర్ సర్వర్‌కు ఇచ్చే సినిమా పొట్లం: బొమ్మ, ధ్వని, సబ్‌టైటిళ్లు విడివిడి ఫైళ్లుగా, వాటిని ఏ వరసలో ఆడించాలో చెప్పే జాబితా ఒకటి. దానికి తాళం వేసి ఉంటే, ఆ తాళంచెవే కేడీఎం. చిన్న ఫైలు, మెయిల్‌లో వస్తుంది. అది ఫలానా సినిమాకు, ఫలానా సర్వర్‌కు, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకు మాత్రమే పనిచేస్తుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా తెర నల్లగానే ఉంటుంది.

ఎక్కువగా తప్పేవి ఇవీ. హాలువాళ్లు సర్వర్‌లో మీడియా బ్లాక్ (తాళం తీసి బొమ్మను ఆడించే భాగం) మార్చి ఉంటారు, తాళంచెవి చేయడానికి మీరు పంపిన సర్టిఫికెట్ (ఆ యంత్రపు గుర్తింపు ఫైలు) పాతదానిది. అందుకని హాలు పాత రికార్డుల్లోంచి కాకుండా, సర్వర్ నుంచి ఆ వారమే తీసిన సర్టిఫికెట్ పంపండి. రెండోది కాలమండలం. సాయంత్రం 6 అని మీరు రాస్తే, తాళం చేసేవాళ్లు తమ దేశపు 6 అనుకుంటారు. "మా స్థానిక సమయం, యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) ఇంత తేడా" అని విడమరచి రాయండి. మూడోది, హాలువాళ్లు ఆట తెర మార్చడం. మూడో నంబర్ తెరకు చేసిన తాళంచెవి నాలుగో నంబర్‌లో తిరగదు. నాలుగోది, సబ్‌టైటిళ్లున్న కాపీకి తాళంచెవి అడగాల్సింది, అవి లేని కాపీకి అడగడం. రెండింటి పేరూ ఒకటే, లోపలి గుర్తింపు సంఖ్య వేరు.

వీటన్నిటికీ మందు ఒకటే. తాళంచెవి ఆటకు రెండు రోజుల ముందే తెరుచుకునేలా, మర్నాటి వరకు పనిచేసేలా అడగండి. ముందు రోజు పరీక్షించండి. తెర మీద మొదటి పది నిమిషాలు, మధ్యలో రెండు చోట్ల ఐదేసి నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు చూడాలి. జాబితాలో పేరు కనబడితే చాలనుకోకండి, ఫైలు సగమే ఎక్కినప్పుడు కూడా పేరు కనబడవచ్చు.

ఎక్కించడానికి పట్టే సమయం కూడా లెక్కలో ఉండాలి. డీసీపీ బొమ్మ గరిష్ఠ వేగం సెకనుకు 250 మెగాబిట్లు. రెండు గంటల సినిమా ఆ గరిష్ఠానికి వెళ్తే 225 జీబీ దాకా ఉంటుంది. మామూలుగా కొంత తక్కువే. 200 జీబీ ఫైలును పాత యూఎస్‌బీ దారిలో సెకనుకు 30 మెగాబైట్ల చొప్పున ఎక్కిస్తే దాదాపు రెండు గంటలు. హార్డ్‌డిస్కు లినక్స్ వాడే ఈఎక్స్‌టీ2 లేదా ఈఎక్స్‌టీ3 పద్ధతిలో ఉండాలి, వేరే పద్ధతిలో ఉంటే కొన్ని సర్వర్లు అసలు గుర్తించవు. కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదని దాన్ని ఫార్మాట్ చేసేస్తారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి, సినిమా పోతుంది.

ప్రశ్న: వేసవి కదా, ఆరుబయట వేద్దామనుకుంటున్నాం. తెర 16 అడుగుల వెడల్పు. ఎన్ని ల్యూమెన్ల ప్రొజెక్టర్ కావాలి? ఎన్నింటికి మొదలుపెట్టాలి?

థియేటర్ తెర వెలుగుకు ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు. మామూలు తెల్ల తెరకైతే చదరపు అడుగుకు 14 ల్యూమెన్లు పడాలని అర్థం. మీ తెర 16 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు, అంటే 144 చదరపు అడుగులు. 144ను 14తో గుణిస్తే 2,016. పెట్టె మీద రాసిన ల్యూమెన్లు మాత్రం రంగులన్నీ పాడుచేసే 'డైనమిక్' మోడ్‌లో కొలిచినవి. సినిమా మోడ్‌లోకి మారిస్తే సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా మిగులుతాయి. దీపం పాతదైతే ఇంకా తగ్గుతుంది. కాబట్టి 4,000 ల్యూమెన్లు అని రాసి ఉన్నది తీసుకోండి. తెర వెడల్పు 20 అడుగులకు పెంచితే 6,000 కావాలి. వెడల్పు నాలుగు అడుగులే పెరిగినా వైశాల్యం 225 చదరపు అడుగులవుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు.

చీకటి దగ్గర రాజీ వద్దు. సూర్యుడు అస్తమించగానే ఆకాశం చీకటి పడదు. సూర్యుడు క్షితిజానికి 12 డిగ్రీల కిందికి దిగేదాకా ఆ వెలుగు తెర నలుపును బూడిద చేస్తుంది. భూమధ్యరేఖకు దగ్గర్లో ఇది సుమారు 50 నిమిషాల పని. ఉత్తరానికి పోయేకొద్దీ నడివేసవిలో రెండు గంటలు కూడా పట్టొచ్చు. కొత్త దర్శకులు తక్కువ వెలుతురులో తీసే రాత్రి దృశ్యాలు ఈ బూడిదలో పూర్తిగా మునిగిపోతాయి. అస్తమయం తర్వాత ముందు లఘుచిత్రం వేయండి, అది పగటి వెలుతురులో తీసినదైతే తట్టుకుంటుంది. ఫీచర్ పూర్తి చీకటిలోనే. మూడొంతులు చీకట్లో నడిచే సినిమా అయితే దాన్ని ఆరుబయటి జాబితాలోంచి తీసి హాల్లో వేయండి.

ప్రొజెక్టర్ వెనక, పక్కల అడుగున్నర ఖాళీ వదలండి. వేడిగాలి బయటికి పోయే వైపు గోడో గుడ్డో అడ్డముంటే, వేసవి ఉక్కకు అది తోడై యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. చల్లారే దాకా మళ్లీ వెలగదు. తెర కింది అంచు నేలకు నాలుగు అడుగులు పైన ఉండాలి. అంతకన్నా కిందికుంటే వెనక వరసలకు సబ్‌టైటిళ్ల బదులు తలకాయలు కనిపిస్తాయి.

ప్రశ్న: సంగీతం దద్దరిల్లుతోంది, మాటలు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నాయి. స్పీకర్లు మంచివే. కారణం?

మీ ఫైలు 5.1 ధ్వనిది, అంటే ఆరు విడి ఛానెళ్లది. మీ స్పీకర్లు రెండు. 5.1లో మాటలు దాదాపు అన్నీ మధ్య ఛానెల్‌లో ఉంటాయి. ఎడమ, కుడి ఛానెళ్లను మాత్రమే మిక్సర్‌కు కలిపారు కాబట్టి సంగీతం వచ్చింది, మాటలు పోయాయి. వినిపిస్తున్న కాస్తా ప్రతిధ్వని రూపంలో పక్కలకు పోసినదే. ప్లేయర్ ఆడియో సెట్టింగులో స్టీరియో డౌన్‌మిక్స్ (అన్ని ఛానెళ్లనూ రెండింటిలోకి కలిపేది) ఎంచుకోండి, లేదా హక్కుదారుడిని స్టీరియో ట్రాక్ అడగండి. వాల్యూమ్ పెంచితే మాటలు రావు, పక్కవీధి వాళ్లు వస్తారు.

ఆరుబయట గోడలుండవు కాబట్టి దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. ముందున్న రెండు స్పీకర్లనే అరిపించకుండా, 25, 30 మీటర్ల దూరంలో మరో జత పెట్టండి. దానికి డిలే ఇవ్వాలి, అంటే ధ్వని కాస్త ఆలస్యంగా వచ్చేలా చేయాలి. ధ్వని సెకనుకు 343 మీటర్లే పోతుంది కాబట్టి 30 మీటర్లకు సుమారు 87 మిల్లీసెకన్లు. అది ఇవ్వకపోతే వెనకవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

లఘుచిత్రాల మిక్సింగ్ తరచుగా చిన్న గదిలో చేసినది, ఫీచర్ కన్నా గట్టిగా ఉంటుంది. ఒక్కోదానికి వాల్యూమ్ ఎంత పెట్టాలో పరీక్ష రోజే కాగితం మీద రాసి మిక్సర్‌కు అంటించండి.

ప్రశ్న: తెలుగు సబ్‌టైటిళ్లు మేమే తయారుచేశాం. కంప్యూటర్‌లో బాగున్నాయి, థియేటర్‌లో ఒత్తులన్నీ విడిపోయాయి. పైగా సినిమా సాగేకొద్దీ మాటకూ అక్షరానికీ పొంతన పోయింది.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

ఒత్తులు విడిపోవడానికి కారణం సర్వర్. చాలా సర్వర్లు ఫాంటులోని అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే చేస్తాయి. అక్షరం కింద ఒత్తు, పైన గుణింతం కూర్చే పని వాటికి రాదు. "లక్ష్మి" కాస్తా మూడు ముక్కలవుతుంది. ఫాంటు మార్చినా లాభం లేదు. ప్రతి సబ్‌టైటిల్‌నూ పీఎన్‌జీ బొమ్మగా మార్చి డీసీపీలో పెట్టించండి, లేదా అక్షరాలను బొమ్మలోనే అచ్చువేయించండి. రెండోది చేస్తే ఆ కాపీ వేరే భాషవాళ్లకు పనికిరాదు, హక్కుదారుడు ఒప్పుకోకపోవచ్చు. అసలు అనువాదం చేయడానికే ఆయన అనుమతి కావాలన్నది మరవకండి. ల్యాప్‌టాప్ నుంచి వేసేవాళ్లకు ఈ బాధ తక్కువ: ఫైలును యూటీఎఫ్-8లో దాచి, ప్లేయర్‌లో ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు లాంటిది ఎంచుకుంటే సరిపోతుంది.

పొంతన పోవడానికి కారణం ఫ్రేముల వేగం. మీరు చూసి రాసుకున్న కాపీ సెకనుకు 25 ఫ్రేములది, థియేటర్‌లో ఆడింది 24ది. తేడా 4 శాతం, గంట గడిచేసరికి దాదాపు రెండున్నర నిమిషాలు. అదే 23.976కూ 24కూ మధ్య అయితే గంటకు 3.6 సెకన్లే, మొదట్లో ఎవరికీ తెలియదు, పతాక సన్నివేశంలో బయటపడుతుంది. సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్పిడి చేస్తే రెండూ సర్దుకుంటాయి. మొత్తాన్ని ముందుకో వెనక్కో జరపడం వల్ల ఒక్క చోటే కలుస్తుంది.

రాసేటప్పుడు ఒకేసారి రెండు వరసలు మించొద్దు. నిండు రెండు వరసలకు ఆరు సెకన్లు ఇవ్వండి. తెలుగుకు వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకన్నా ఎక్కువ కావాలి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడిదీర్ఘాలకు గుచ్చుకుంటాయి. తెల్ల అక్షరాలకు సన్నని నల్ల అంచు తప్పనిసరి.

ప్రశ్న: తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయని ప్రేక్షకులు గొడవ చేశారు. సాగదీసి నింపమంటున్నారు.

సాగదీయకండి. ఇప్పటి దర్శకులు చాలామంది కావాలనే పాత 1.37 నిష్పత్తిలో (ఎత్తుకు 1.37 రెట్ల వెడల్పు), దాదాపు చదరంగా తీస్తున్నారు. మీ 9 అడుగుల ఎత్తు తెర మీద అలాంటి బొమ్మ 12.3 అడుగుల వెడల్పే ఉంటుంది. బాగా వెడల్పుగా తీసే స్కోప్ సినిమా అయితే పక్కలు నిండి, పైనా కిందా అడుగు చొప్పున మిగులుతుంది. మిగిలిన చోట నల్లగుడ్డ కట్టండి. బొమ్మ అంచు గుడ్డకు ఆనితే పట్టీ ఉందన్న ధ్యాసే ఎవరికీ ఉండదు. ప్రొజెక్టర్‌లో 'జూమ్', 'ఫుల్', 'మోషన్ స్మూతింగ్' (కదలికను కృత్రిమంగా నున్నగా చేసేది) అన్న మూడింటినీ ఆపేయండి.

ప్రశ్న: మూడు గంటల సినిమా ఒకటి ఎంచుకున్నాం. మధ్యలో విశ్రాంతి ఇవ్వొచ్చా?

హక్కుదారుడిని అడగండి. కొందరు ఫలానా సన్నివేశం తర్వాత ఆపుకోవచ్చని చెప్తారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే, మధ్యలో ఆపమని ముందే ప్రకటించి అరగంట ముందు మొదలుపెట్టండి. నిడివి చూసి వదిలేయకండి. జపాన్ దర్శకుడు ర్యుసుకే హమగుచి 2015 సినిమా 317 నిమిషాలు. ఎక్కువగా వృత్తి నటులు కానివాళ్లతో తీసిన ఆ సినిమాకు లొకార్నోలో నలుగురు కథానాయికలకూ కలిపి ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు. 2021లో ఆయన తీసిన 179 నిమిషాల సినిమా ఆస్కార్ దాకా వెళ్లింది. మూడు గంటల సినిమాకు ముందు లఘుచిత్రం జోడించకండి, ఆరుబయటా వేయకండి. చీకటి పడి మొదలయ్యేది బాగా పొద్దుపోయాక గానీ ముగియదు.

ప్రశ్న: దర్శకురాలు వీడియో కాల్‌లో మాట్లాడతానన్నారు. పోయినసారి ఇంకొకరితో మాట్లాడినప్పుడు ఆయన గొంతు ఆయనకే తిరిగి వినబడి, చర్చ పాడైంది.

హాలు స్పీకర్లలో వచ్చే ఆయన గొంతును మీ మైకులు మళ్లీ పట్టి ఆయనకే పంపాయి. మిక్సర్‌లో ఆక్జిలరీ అవుట్‌పుట్ (హాలు స్పీకర్లతో సంబంధం లేని విడి ధ్వని దారి) ఒకటి తీసుకుని, అందులో హాలు మైకులు మాత్రమే ఉంచి, ఆమె గొంతు వచ్చే ఛానెల్ మూసేయండి. కాల్‌కు ఆ అవుట్‌పుటే పోవాలి. ల్యాప్‌టాప్ సొంత మైకు ఆపేయండి. సినిమా ముగిసే సమయానికి ఆమె దగ్గర ఏ వేళో చూసుకోండి, నెట్ తీగతో పెట్టుకోండి, సినిమా చివరి పేర్లు పడుతుండగానే కాల్ కలిపి ఉంచండి.

25 నిమిషాలు చాలు. అనువాదకుడు ఉంటే అందులో సగమే మాటలకు మిగులుతుంది, ప్రశ్నలు నాలుగైదుకు తగ్గించండి. మొదటి ప్రశ్న నిర్వాహకుడే అడగాలి, అది ఒక షాట్ గురించి అయితే మంచిది. "ఈ సినిమా ద్వారా ఏం సందేశం ఇచ్చారు?" అని మొదలుపెడితే మిగిలిన 24 నిమిషాలూ అదే ధోరణిలో పోతాయి. లఘుచిత్రం కూడా చూపించారు కాబట్టి, అందులో కనిపించి ఫీచర్‌లో కనిపించకుండా పోయినదేమిటో అడగండి. ఈ ప్రశ్నకు దర్శకులు మనసు విప్పి మాట్లాడతారు.

ప్రశ్న: నేను నిర్వాహకుణ్ని కాను, ప్రేక్షకుణ్ని. ఒక దర్శకుడి తొలి సినిమా చూసి అభిమాని అయ్యాను. రెండోది నిరాశపరిచింది. ఆ మొదటిది గాలివాటమా?

కానక్కర్లేదు. తొలి సినిమా కథను ఏళ్ల తరబడి మోసి ఉంటారు, రెండోదానికి అంత వ్యవధి ఉండదు. డబ్బు పెట్టేవాళ్ల సంఖ్య పెరుగుతుంది, ఎడిటింగ్ గదిలో కూర్చునేవాళ్ల సంఖ్యా పెరుగుతుంది. కాబట్టి కథ తేలిపోయిందా అని కాకుండా, డబ్బుతో సంబంధం లేనివి చూడండి: సన్నివేశం ఎక్కడ మొదలై ఎక్కడ తెగింది, చిన్న పాత్రలు వేసినవాళ్లు ఎలా చేశారు, తెర మీద కనబడని చోటి నుంచి ఏ శబ్దాలు వస్తున్నాయి. ఇవి నిలిచి ఉంటే మూడో సినిమాకు టికెట్ కొనండి. రెండు సినిమాల పేర్ల జాబితాలు పక్కపక్కన పెట్టి కెమెరా, ఎడిటింగ్ ఎవరు చేశారో కూడా చూడండి. మీకు నచ్చింది ఎడిటర్ పని అయి ఉండొచ్చు, ఆయన రెండో సినిమాకు లేకపోవచ్చు.

ప్రశ్న: ఆరుబయట ఆటకు వాన వస్తే?

ఒప్పందంలోనే మారు తేదీ రాయించుకోండి, తాళం వేసిన ఫైలైతే కేడీఎం గడువు ఆ తేదీ దాటేదాకా ఉండాలి. గాలితో నింపే తెర అయితే గాలి వేగానికి తయారీదారు చెప్పిన హద్దు ఉంటుంది. ఆ హద్దుకు చేరకముందే దించేయాలి, తాళ్లు బిగించి చూద్దామనుకోకూడదు. చినుకు మొదలైతే ముందు ప్రొజెక్టర్ దీపం ఆర్పండి, ఫ్యాను మాత్రం చల్లారేదాకా తిరగనివ్వండి, ఆ తర్వాతే ప్లగ్గు తీసి కప్పండి. వేడిగా ఉన్నదాని మీద ప్లాస్టిక్ కప్పకూడదు. ఆట మొదలైన ఎన్ని నిమిషాల లోపు ఆగిపోతే టికెట్ డబ్బు తిరిగిస్తారో టికెట్ వెనకే అచ్చు వేయించండి.